పట్టా ఒకరిది, బిల్లు ఒకరిది
(చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ప్రభుత్వ గృహనిర్మాణం గురించి తిరుపతిలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాస నిధి ఏర్పాటు చేసిన కుటుంబం ఒక షరతు పెట్టింది. ఎవరి జ్ఞాపకంగా సభ జరుగుతోందో ఆయన పేరు కరపత్రంలో వేయకూడదు, వేదిక మీద పలకకూడదు. గృహనిర్మాణ సంస్థలో ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే చాలునన్నారు. ఆయన్ని ఎరిగినవాణ్ణి కనుక ఆ షరతు నాకు సరైనదిగానే తోచింది. ఆయనతోపాటు అదే పని చేసి, ఎవరి దృష్టిలోనూ పడకుండా రిటైరైన వాళ్లందరికీ ఈ సభ చెందుతుంది.

ఆ ఉద్యోగం ఏమిటో తెలియని యువకులు ఇక్కడున్నారు. మంజూరైన ప్రతి ఇంటికీ నడిచి వెళ్లాలి. పునాది ఎంత లోతు తీశారు, బేస్‌మెంట్ లేచిందా, గోడలు రూఫ్ లెవల్‌కు వచ్చాయా, మిద్దె వేశారా అని కొలవాలి. ఆ కొలత అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారు, కొలతల పుస్తకమైన ఎం-బుక్కులో ఎక్కించి, పైవాళ్లు సంతకాలు పెడితే లబ్ధిదారుకు బిల్లు పడుతుంది. "సార్, బేస్‌మెంట్ అయిపోయినాది, బిల్లు ఎప్పుడు పడతాది?" అన్న ప్రశ్నకు ఎండలో నిలబడి జవాబు చెప్పాల్సింది ఆయనే. బిల్లు ఆపేది ఆయన కాదు, పడేలా చేయగలిగేదీ ఆయన కాదు. అయినా ప్రభుత్వం అంటే ఆ వీధికి ఆయన ముఖమే.

ఇళ్ల చరిత్రను మనం ముఖ్యమంత్రుల పేర్లతో చెప్పుకుంటాం. ఫలానావారి హయాంలో ఇన్ని లక్షలు, ఇంకొకరి హయాంలో అన్ని లక్షలు అంటాం. ఈ రోజు ఆ కథను వీధి వైపు నుంచి చెబుతాను. చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో పేదల ఇళ్లకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఇటుకలో, సిమెంటులో జరగలేదు. నేల ఎంచినప్పుడే జరిగింది. నేల ఇచ్చేవాళ్లు ఒక శాఖ, ఇల్లు కట్టించేవాళ్లు ఇంకొక శాఖ. పట్టా ఒకరిది, బిల్లు ఒకరిది. ఈ చీలిక నిన్నమొన్నటిది కాదు, నూరేళ్ల కిందటిది.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల ముక్కలు కలిపి చేసిన జిల్లా ఇది. ఇళ్లలోనూ ఆ మూడు చోట్ల తీరు కనిపించేది. తూర్పున శ్రీకాళహస్తి వైపు మట్టిగోడల మీద తాటాకో బోదో కప్పేవాళ్లు. పడమటి తాలూకాల్లో రాయి చవక కనుక రాతి కూసాలు నిలబెట్టి, స్తోమతును బట్టి బండలో పెంకులో వేసుకునేవాళ్లు. కలిగినవాళ్లవి చవుడు పరిచిన మట్టి మిద్దెలు. కూలి చేసుకునే వాళ్లది మాత్రం జిల్లా అంతటా ఒకటే, బోద కొట్టం. రెండేళ్లకోసారి కసువు మార్చాలి. ఎండాకాలంలో పొయ్యి నిప్పు ఎగిరితే ఒక కొట్టంతో ఆగదు, వాడ మొత్తం పోతుంది. గింజలు, బట్టలు, కాగితాలు అన్నీ పోతాయి. పక్కా ఇల్లంటే మన పల్లెల్లో మొదటి అర్థం నిప్పు అంటుకోని ఇల్లని. సొగసు సంగతి ఎవరూ అడగలేదు.

ఆ కొట్టం కింద ఉన్న నేల కూడా చాలామందికి సొంతం కాదు. రైతుదో, మఠానిదో, దేవస్థానానిదో. పొమ్మంటే పోవాలి. ఈ సంగతిని మొదట పట్టించుకున్నది మద్రాసు ప్రభుత్వపు లేబర్ డిపార్ట్‌మెంటు. 1920 నుంచి లేబర్ కమిషనర్ అన్న అధికారి ద్వారా, అప్పట్లో అణగారిన వర్గాలని పిలిచిన వాళ్లకు ఇంటి స్థలాలు సేకరించి ఇవ్వడం మొదలైంది. చాలాచోట్ల సహకార సంఘాలు పెట్టి, స్థలం ఖరీదు వాయిదాల్లో వసూలు చేశారు. అందులో ఒక గొప్ప మాట ఉంది, మనిషి నిలబడే నేల అతనిదే కావాలన్న మాట. ఒక లోపం కూడా ఉంది. స్థలం ఇవ్వడంతో ఆ శాఖ పని అయిపోయింది. అక్కడ ఇల్లు లేస్తుందా, నీళ్లున్నాయా, పనికి పోవడానికి ఎంత దూరం అన్నవి ఇంకెవరికో వదిలేశారు. ఆ ఇంకెవరో అప్పటికి పుట్టనే లేదు. తర్వాత ఈ స్థలాల పని హరిజన సంక్షేమానికీ రెవెన్యూకీ మారినా ఆ లోపం అలాగే వారసత్వంగా వచ్చింది.

ఇల్లు కట్టించే సంస్థల వంశం వేరు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు తొలగించి, వెడల్పు రోడ్లు వేసి, వరుస ఇళ్లు కట్టించిన బోర్డు అది. మద్రాసులో ఆ తరహా ట్రస్టు 1940ల్లో గానీ రాలేదు, వచ్చినా అది మద్రాసు నగరానికే. చిత్తూరు 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆ మేలు ఏమీ ఎరగలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, తెలంగాణ ప్రాంతం కోసం 1956లో చేసిన చట్టం ఆధారంగా రాష్ట్ర హౌసింగ్ బోర్డు 1960లో పని మొదలుపెట్టింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో తిరుత్తణి మద్రాసుకు పోయి మన జిల్లా సరిహద్దులు కుదురుకున్నాయి.

బోర్డు మంచి ఇళ్లే కట్టింది. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఆదాయాన్ని బట్టి విభజించి, అద్దె-కొనుగోలు పద్ధతిలో నెలనెలా కంతులు కట్టించుకుని చివరికి ఇల్లు రాసిచ్చేది. గుమాస్తాకు, ఉపాధ్యాయుడికి, బ్యాంకు ఉద్యోగికి సొంత ఇల్లు సాధ్యమని చూపింది ఆ పద్ధతి. కానీ కంతు కట్టాలంటే నెల జీతం ఉండాలి. శెనక్కాయ చేలో కూలికి పోయే మనిషికి, బస్టాండులో మూటలు మోసే మనిషికి జీతం చీటీ ఎక్కడిది? తిరుపతిలో 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది, దేవస్థానం పెరిగింది, ఉద్యోగులకు క్వార్టర్లు వచ్చాయి. అవీ ప్రభుత్వ గృహనిర్మాణమే, ఉద్యోగం ఉన్నన్నాళ్లు. ఆ క్వార్టర్లలో పాచిపనికి వచ్చే ఆడమనిషి ఎక్కడ పడుకుంటుందని అడిగే శాఖ ఏదీ లేదు.

ఆ ప్రశ్న అడగడానికి ఒక ఉప్పెన రావాల్సి వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ తుపానులో వేలమంది చనిపోయారు. మట్టిగోడ, తాటాకు కప్పు మనుషుల్ని కాపాడలేవని రాష్ట్రం మొత్తానికీ కళ్లకు కట్టింది. పేదలకు పక్కా ఇళ్లన్న ఆలోచనకు ఆ రోజుల్లో ఊపు వచ్చింది. 1979లో, చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా, బలహీన వర్గాల ఇళ్ల కోసమే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఇది బోర్డు లాంటిది కాదు, కంపెనీ చట్టం కింద పెట్టిన కార్పొరేషన్. హడ్కో వంటి సంస్థల దగ్గర అప్పు తెచ్చి, ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కలిపి లబ్ధిదారుకు అందించాలి. మన వర్క్ ఇన్‌స్పెక్టర్ చేరింది ఈ సంస్థలోనే.

1983లో ఎన్టీ రామారావు గారు కూడు, గూడు, గుడ్డ అన్న మాటతో వచ్చారు. ఆ ఎన్నికల్లో ఆయన గెలిచిన రెండు స్థానాల్లో మన తిరుపతి ఒకటి. ఆ తర్వాతి సంవత్సరాల్లో సంస్థ పని ఎన్నో రెట్లు పెరిగింది. ఇవాళ ఏ పల్లెకు పోయినా ఊరి అంచున ఒకే కొలతతో, ఒకే వరుసలో కనిపించే చిన్న మిద్దెలు చాలావరకు ఆ దశాబ్దంలో మొదలైనవే. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం మూడేళ్లలో ఊరూరా అర్హులందరికీ ఇల్లు అని లక్ష్యం పెట్టుకుంది. అంత వేగంలో తప్పుడు పనులూ జరిగాయి. లేని ఇళ్లకు బిల్లులెత్తిన సంగతులు రాష్ట్రంలో చాలాచోట్ల బయటపడి విచారణలు జరిగాయి. అది చూసి పథకాన్నే తిట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ మూడేళ్లలో కొట్టం నుంచి మిద్దెలోకి మారిన కుటుంబాలు నిజం. పట్టా, ఇల్లు ఆడవాళ్ల పేరున ఇవ్వడం ఆనవాయితీగా స్థిరపడడం అంతకంటే పెద్ద నిజం.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. గృహనిర్మాణ సంస్థ ఇన్ని లక్షల ఇళ్లు కట్టిందని నివేదికలు అంటాయి. సంస్థ తన చేత్తో కట్టినవి తక్కువ. కట్టుకున్నది ఆ కుటుంబం. సంస్థ డబ్బు విడతలుగా ఇచ్చింది, సిమెంటు బస్తాలు, ఇనుము ఇచ్చింది, కొలిచింది. యూనిట్ ధర అని ప్రభుత్వం ఒక అంకె పెడుతుంది. ఆ అంకెతో ఇల్లు పూర్తయిన దాఖలా నేను చూడలేదు. మిగతాది ఎక్కడిది? కమ్మలు కుదవ పెడతారు, చీటీ పాడతారు, మేకలు అమ్ముతారు, డ్వాక్రా సంఘంలో అప్పు తీస్తారు. బేస్‌మెంట్‌కూ రూఫ్ లెవల్‌కూ మధ్య నెలలు గడిచిపోయేది సోమరితనం వల్ల అని కొందరు అధికారులు రాస్తారు. బిల్లు పడితేగానీ తర్వాతి వరస కట్టలేని ఇంట్లో, ముందు కడితేగానీ బిల్లు పడదన్న నిబంధన ఉంటే ఇంకేం జరుగుతుంది? ఆ మధ్యకాలం ఇల్లాలి మెడలోని బంగారంతో గడుస్తుంది. గృహనిర్మాణ శాఖ పద్దుల్లో ఎక్కని పెట్టుబడి అది. నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్ద పెట్టుబడి.

ఇప్పుడు నేల సంగతికి వస్తాను.

మన వర్క్ ఇన్‌స్పెక్టర్‌కు ఎప్పుడూ ఒకటే బాధ. తన చేతికి వచ్చేసరికి స్థలం తేలిపోయి ఉండేది. తహసీల్దారు కార్యాలయం ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా ఉందో చూస్తుంది. ఖాళీగా ఉందంటే ఎవరూ సాగు చేయలేదని, ఎవరూ కాపురం ఉండలేదని అర్థం. దానికి కారణం లేకుండా ఉండదు. అది గుట్ట వాలు కావచ్చు, చవుడు నేల కావచ్చు, వాన పడితే నీళ్లు నిలిచే లోతట్టు కావచ్చు. సర్వే చేసి, ప్లాట్లు గీసి, సున్నం వేసి, పట్టా పంచిన తర్వాత ఫైలు హౌసింగ్ వాళ్లకు వస్తుంది. లోతట్టు స్థలంలో బేస్‌మెంట్‌కు రెండు మూడు అడుగులు అదనంగా మట్టి తోలాలి. రేగడిలో పునాది ఇంకా లోతుకు పోవాలి. గుట్ట మీద బండ తగిలితే కొట్టించాలి. యూనిట్ ధర మాత్రం అన్ని నేలలకూ ఒకటే. చదును నేల దొరికిన అదృష్టవంతురాలికి, గుంతలో ప్లాటు పడిన ఆమెకు ఒకటే బిల్లు.

నీళ్ల సంగతి దీనికంటే కష్టం. మిద్దె వేశాక రెండు వారాలైనా నీళ్లు పట్టాలి. ఎండలు మండే మన సీమలో కాంక్రీటు తడి ఆరితే గట్టిపడకుండానే ఎండిపోతుంది. బోరు లేని కాలనీలో తాగడానికే బిందెడు నీళ్లకు కొట్లాట అయితే, మిద్దె మీద నిలగట్టడానికి ఎవరు పోస్తారు? ట్యాంకరుకు డబ్బెవరిస్తారు? మూడు రోజులు పోసి ఆపేస్తారు. పదేళ్లకు పెచ్చులూడి కమ్మీలు బయటపడితే మేస్త్రీ మోసం చేశాడంటారు, ఇంజనీరు తిన్నాడంటారు. కొన్నిచోట్ల అదీ నిజమే కావచ్చు. కానీ ఆ మిద్దె బలహీనపడడం చాలాచోట్ల నీళ్లు లేని గుట్టను ఇంటి స్థలంగా ఎంచిన రోజునే మొదలైంది. బిల్లు ఇచ్చే శాఖ తలమీద పడిన నింద పట్టా ఇచ్చిన శాఖ దాకా ఎన్నడూ పోలేదు.

నేల ఎంపికలో ఇంకొక దోషం ఉంది. దాన్ని మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. ఎస్సీలకు ఒకచోట, ఎస్టీలకు ఒకచోట, బీసీలకు ఒకచోట కాలనీలు ఇచ్చాం. పాతవాడ పక్కనే కొత్త వరస వేయడం సులువని అలా చేశామంటారు. సులువే. ఊరికీ వాడకూ మధ్య వెయ్యేళ్లుగా ఉన్న దూరాన్ని ప్రభుత్వ డబ్బుతో సిమెంటు చేశాం. స్థలం సేకరించేటప్పుడు ఊరి మధ్య నేలకు రైతులు ఒప్పుకోరన్న భయంతో అధికారులు ముందే దూరం జరిగారు. ఇల్లు కట్టించే శాఖకు ఈ విషయంలో ఒక్కమాట చెప్పే హక్కు కూడా లేదు.

యానాదుల సంగతి ఇంకా వేరు. శ్రీకాళహస్తి, ఏర్పేడు, సత్యవేడు వైపు వాళ్లు మామిడి తోటల కాపలాకు, చెరువుల మీద చేపలకు, ఇటుక బట్టీలకు పోతారు. తోటలోనే చిన్న గుడిసె వేసుకుంటారు. వాళ్లకు కాలనీలో ఇల్లిస్తే, పని ఉన్న తోటకు అది దూరమైతే, తాళం వేసి పోతారు. తర్వాత వచ్చే తనిఖీ అధికారి ఇల్లు ఖాళీ, లబ్ధిదారుకు అవసరం లేదని రాస్తాడు. అవసరం లేక కాదు. ఇల్లు ఒకచోట, కూడు ఒకచోట ఉంటే మనిషి కూడు దగ్గరికే పోతాడు.

తిరుపతి పట్టణంలో నేల కథ పల్లె కంటే చిక్కు. ఉత్తరాన శేషాచలం అడవి, అది కదలదు. ఊళ్లో, ఊరి చుట్టూ దేవస్థానం భూములు. 1843 నుంచి 1933 దాకా తిరుమల నిర్వహణ చూసిన హథీరాంజీ మఠానికి ఉన్న భూములు. చెరువులు, కాలువ పోరంబోకులు. 1886లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరు 2011 జనగణన నాటికి కార్పొరేషన్ పరిధిలోనే 2.87 లక్షలకు చేరింది. యాత్రికుల కోసం పనిచేసే మనుషులు ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. కొండ అంచున జీవకోన లాంటి పేటలు పెరిగింది అందుకే. మఠం భూముల్లో రాసుకున్న కాగితాలను నమ్మి ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఇవాళ్టికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఊరి శివారు శెట్టిపల్లె భూముల హక్కుల చిక్కు దశాబ్దాలుగా నలిగింది. 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే తుడా, ఊరికి రోడ్లు, లేఅవుట్లు, పార్కులు ఇచ్చింది, అది కాదనలేం. తుడా స్థలాలు చాలావరకు వేలంలో అమ్ముడుపోతాయి. వేలంలో పాట పెంచగలిగినవాడికి పేదరికం ఉండదు. చివరికి దేవస్థానం ఉద్యోగులకే ఇంటి స్థలాలు 2023లో ఊరి బయట వడమాలపేట మండలంలో ఇవ్వాల్సి వచ్చింది. ఉద్యోగికే ఊళ్లో జాగా లేకపోతే కూలికి ఎక్కడుంటుంది?

అందుకే గత పదేళ్లలో వచ్చిన రెండు పెద్ద పథకాలు రెండూ పేదల్ని ఊరి బయటికి తీసుకుపోయాయి. ఒకటి పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, గ్రౌండు మీద మూడంతస్తులు, కాంక్రీటు గోడలతో పోసినవి. కట్టడం విషయంలో పేదల కోసం మన రాష్ట్రంలో వాడిన మంచి పద్ధతుల్లో అదొకటి. తిరుపతి పేదల కోసం అవి లేచింది ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర. రెండోది 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాలు. డిసెంబరు 28న అప్పటి ముఖ్యమంత్రి శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో మన జిల్లా పంపిణీ ప్రారంభించారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48 గజాల పైచిలుకు. ఇంటికి 1.80 లక్షల రూపాయలు. రాష్ట్రం మొత్తం మీద 30 లక్షలకు పైగా పట్టాలిచ్చారు. ఇంతమంది ఆడవాళ్ల పేరున ఒక్కసారిగా నేల రాయడం చిన్న సంగతి కాదు. ఆ మేలును మేలుగానే చెప్పాలి. చాలా లేఅవుట్లలో రోడ్డు, నీళ్లు, కరెంటు రాకముందే ఇల్లు మొదలుపెట్టమని ఒత్తిడి చేయడం, కట్టకపోతే పట్టా పోతుందని భయపెట్టడం తప్పు. దాన్నీ తప్పుగానే చెప్పాలి.

దూరం మన తిరుపతిలో ఇంకో ఊళ్లో కంటే ఎక్కువ బాధిస్తుంది. ఇది రాత్రీ పగలూ పనిచేసే ఊరు. తెల్లవారుజామున సుప్రభాతం వేళకే పూలు కట్టి అందించాలి. సత్రాల్లో, హోటళ్లలో రాత్రి షిఫ్టులుంటాయి. కల్యాణకట్టలో గుండ్లు గీసే చేతులు, కొండ మెట్లు ఊడ్చే చేతులు గడియారం చూసుకుని ఆగవు. అలిపిరికి నడిచి వచ్చేంత దగ్గరలో ఇరుకు గదికి అద్దె కట్టడం, పాతిక కిలోమీటర్ల అవతల సొంత ఇంట్లో ఉండడం, ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలని ఒక పూలమ్మేవిడ ఆలోచించాల్సి వస్తే, ఆమెకు మనం ఇచ్చింది సగం ఇల్లే. 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గూడు హక్కంటే నాలుగు గోడలు, కప్పు మాత్రమే కాదన్నది. వెలుతురు, శుభ్రమైన నీళ్లు, పారిశుధ్యం వంటి వాటితోపాటు మనిషి రోజూ పనికి సులువుగా పోగలిగే దారులు కూడా అందులో భాగమని చెప్పింది. అది దళితుల ఇళ్ల కోసం భూమి సేకరించిన కేసే. ఆ తీర్పు ప్రతిని ప్రతి తహసీల్దారు బల్ల మీదా ఉంచాలన్నది నా కోరిక.

2021 నవంబరు వానలు మరువలేం. స్వర్ణముఖి పొంగి ఒడ్డున ఉన్న ఇళ్లను కోసేసింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేశారు. చిత్తూరులో నీవా నది ఒడ్డు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. తిరుపతిలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లు కొత్త దారి వెతుక్కోలేదు, పాత దారినే వచ్చాయి. చెరువు ఉన్నచోట, కాలువ పోయినచోట మనం ఇళ్లు కట్టుకున్నాం. అందులో ప్రైవేటు లేఅవుట్లూ ఉన్నాయి, ప్రభుత్వ కాలనీలూ ఉన్నాయి. నేల ఎంచే అధికారి వానాకాలంలో ఒక్కసారి ఆ స్థలంలో నిలబడి ఉంటే ఎన్నో కాలనీలకు వేరే చోటు దొరికేది.

నేలా ఇల్లూ ఒక్కచేతి మీద నడిస్తే ఎలా ఉంటుందో చూడడానికి ఒక ఉదాహరణ ఉంది. మన హౌసింగ్ బోర్డు పని మొదలుపెట్టిన 1960లోనే సింగపూరులో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మొదటి అయిదేళ్లలో 50 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. 1961 మేలో బుకిట్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడి 16 వేల మంది దాకా వీధిన పడ్డారు. మన బోద కొట్టాల వాడలు కాలినట్టే. ప్రభుత్వం ఆ కాలిన నేలనే సేకరించి, అక్కడే బహుళ అంతస్తుల ఇళ్లు లేపింది. ఏడాది తిరిగేలోగా నిరాశ్రయులకు ఇళ్లు దొరికాయి. ఇవాళ ఆ దేశ నివాసుల్లో నాలుగింట మూడొంతులకు పైగా బోర్డు ఇళ్లలోనే ఉన్నారు. ఎస్టేటులోనే అంగడి, బడి, బస్సు ఎక్కే చోటు ఉండేలా గీస్తారు. 1966 భూసేకరణ చట్టంతో అక్కడి ప్రభుత్వం కఠినంగా భూములు తీసుకున్న మాటా నిజమే, అదంతా మనకు ఆదర్శం కాదు. ఒక చిన్న నగర రాజ్యాన్ని మన జిల్లాలతో పోల్చడానికి హద్దు ఉంది. అయినా ఇల్లు గీసే ఇంజనీరుకు నేల గురించి మాట్లాడే అధికారం ఉండడం అన్న ఒక్కటి మాత్రం కఠిన చట్టాలు లేకుండానే తెచ్చుకోవచ్చు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. పట్టా పంచక ముందే హౌసింగ్ ఏఈ ఆ స్థలం చూసి, నేల స్వభావం, నీళ్ల లభ్యత, వాననీటి దారి గురించి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా లేఅవుట్ ఆమోదం కాకూడదు. గుంతలో, గుట్ట మీద పడిన ప్లాట్లకు పునాది ఖర్చు విడిగా కట్టివ్వాలి. మిద్దె వేసిన రెండు వారాలు నీళ్ల ట్యాంకరు బాధ్యత సంస్థదే కావాలి. తిరుపతి నడిబొడ్డున, దేవస్థానమూ కార్పొరేషనూ కలిసి, రాత్రి పనులు చేసేవాళ్లకు తక్కువ అద్దె గదులు కట్టాలి. అందరికీ సొంత ఇల్లే కావాలని లేదు, కొందరికి పని దగ్గర సురక్షితమైన అద్దె గది చాలు. కేంద్రం 2020లో ఇలాంటి అద్దె గృహాల పథకం ఒకటి తెచ్చింది. మన ఊరిని మించి దాని అక్కర ఉన్న ఊరు రాష్ట్రంలో నాకు తోచదు.

ఇంకొకటి. 1980ల్లో, 90ల్లో కట్టిన కాలనీ ఇళ్లను ఇవాళ ఎవరూ పట్టించుకోవడం లేదు. పథకాలు చాలావరకు కొత్త ఇంటికే డబ్బిస్తాయి, పాత మిద్దె బాగుకు ఇవ్వవు. తల్లి పేరున ఇల్లుంది కనుక కొడుకు అనర్హుడు. ఆ ఇంటి పైకప్పులో కమ్మీలు తుప్పు పట్టి బయటకొచ్చాయి, వానకు గోడ చెమ్మెక్కుతోంది. ఒకే గదిలో మూడు తరాలున్నాయి. ఆ ఇళ్లకు పైన ఒక గది వేసుకోవడానికి, మిద్దె బాగు చేసుకోవడానికి సాయం చేస్తే కొత్త నేల వెతికే పని సగం తగ్గుతుంది. అక్కడ రోడ్డు ఉంది, నీళ్లున్నాయి, బడి ఉంది, నలభై ఏళ్ల ఇరుగుపొరుగు ఉంది.

ఇప్పుడు ఫోటో తీసి జియోట్యాగింగ్ చేస్తేగానీ బిల్లు పడదు. దొంగ బిల్లులు తగ్గడానికి అది మంచిదే. గోడ లేచిందని ఫోటో చెబుతుంది. ఇటుక నానబెట్టి కట్టారా, మిద్దెకు నీళ్లు పట్టారా అన్నది చెప్పదు. అది మనిషి వెళ్లి చూడాల్సిందే. మన వర్క్ ఇన్‌స్పెక్టర్ రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి శబ్దం వినేవారు. మోటుగా మోగితే బట్టీకి తిప్పి పంపమనేవారు. బట్టీ వాళ్లు ఆయన మీద కోపంగా ఉండేవాళ్లు. ఆ కాలనీల్లో కొన్నింటి మిద్దెలు ఇవాళ్టికీ చెమ్మ లేకుండా ఉన్నాయి, వెళ్లి చూడవచ్చు.

ప్రభుత్వం ఇప్పుడు పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. స్థలం పెరగడం మంచిదే. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక మనకు కలెక్టర్లు ఇద్దరయ్యారు. చిత్తూరు, తిరుపతి కలెక్టర్లిద్దరికీ ఈ వేదిక మీదినుంచి ఒక విన్నపం. కొత్త స్థలాల జాబితాలు తయారయ్యేటప్పుడు, సర్వే నంబరు, విస్తీర్ణం పక్కన ఇంకో మూడు గడులు గీయించండి. వానకు నీళ్లు నిలుస్తాయా, తాగునీళ్లు ఎంత దూరం, అక్కడ ఉండబోయేవాళ్లు పనికి ఎలా పోతారు. ఆ గడులు నింపే పని ఆ మండలం వర్క్ ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించండి. ఆయన రాసిన మాటను కొట్టేయాలంటే, ఎందుకు కొట్టేస్తున్నారో పై అధికారి కింద రాసి సంతకం పెట్టాలని ఉత్తర్వులో చేర్చండి.